సోడప్ప మిఠాయి ఖర్చు

మా తమ్ముడి మనవడు మదనపల్లె బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టు పెట్టుకున్నాడు. నెలకోసారి ఆడిటరు గుమాస్తా వచ్చి కంప్యూటరులో అచ్చు తీసిన లెక్కల కాగితాలు ఇచ్చిపోతాడు. వాటిని చదివే ఓపిక మా వాడికి లేదు. నాకు ఓపిక తప్ప వేరే పని లేదు. కాబట్టి కళ్ళజోడు తుడుచుకుని నేనే చదివి పెడతాను. పోయిన నెల కాగితంలో అద్దె, కరెంటు, జీతాలు అన్నీ చక్కగా ఉన్నాయి. చివర "ఇతర ఖర్చులు" అని ఒక పెద్ద అంకె ఉంది. ఈ ఇతర ఎవరురా అని అడిగాను. వాడు నవ్వి, "అది అట్లే ఉంటాది అవ్వా, అందరూ అట్లే రాస్తారు" అన్నాడు.

అందరూ అట్లే రాయరు. అలా రాయనివ్వని మనిషి దగ్గర నేను పనిచేశాను. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది గానీ, ఆ "ఇతర" అనే మాట కంటబడగానే గుర్తొచ్చి, ఆ రోజంతా నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. మా వాడు అవ్వకు మతి తప్పిందనుకున్నాడు.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఊరికి మాత్రం సోడప్ప. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా వైపు గోలీసోడా తాగినవాళ్ళు చాలామంది ఆయన సోడానే తాగారు. మదనపల్లెలో ఒకటి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో రైలు స్టేషను ఎదురుగా ఒకటి, మొత్తం మూడు కొట్లు. ఒక్కో కొట్లో చేత్తో చక్రం తిప్పే సోడా మిషను ఒకటి. కంపెనీలో సగం వాటా ఆయనది, సగం ఆయన బామ్మర్దిది. సోడప్ప మనిషి చూస్తే ఏనుగంత, గొంతు మాత్రం పిల్లనగ్రోవి. ఆ గొంతుతో ఎవరిని కసిరినా పాట పాడినట్టే ఉండేది. అందుకని కసరడం మానేసి ఎగతాళి నేర్చుకున్నాడు.

నేనప్పుడు బడిలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మదనపల్లె, పుంగనూరు కొట్ల లెక్కలు తెలుగులో ఉండేవి, కుప్పం లెక్కలు అరవంలో వచ్చేవి. రెండూ చదివే మనిషి కోసం సోడప్ప వెతుకుతున్నాడు. మా అమ్మది కుప్పం పక్క పల్లె, నాకు రెండూ వచ్చు. మా పాస్టరుగారు ఆ సంగతి ఆయన చెవిన వేశారు. ఆడమనిషి సోడా కంపెనీలో కూర్చుని లెక్కలు చదవడమేమిటని మా పేటలో కొందరు మూతి విరిచారు. సోడానే కదా, సారాయి కాదు కదా అని మా అమ్మ నన్ను పంపింది.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మిషను గది పక్కనున్న వసారాలో లెక్క వినేవారు. వినేవారు అనే అనాలి. సోడప్పకు చదువు వచ్చినా తనంతట తాను పుస్తకం పట్టేవాడు కాదు. లెక్క నలుగురిలో చదవాలి, నలుగురూ వినాలి, అదీ ఆయన పద్ధతి. సీసాలు కడిగే ఆడవాళ్ళు, బండి తోలేవాళ్ళు, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సులో మసి కొట్టుకుని వచ్చిన పుంగనూరు, కుప్పం కొట్ల మనుషులు, అందరూ చాపల మీద కూర్చునేవారు. ఉన్న ఒక్క కుర్చీ బామ్మర్దిది. సోడప్ప ఒక సోడా పెట్టెను బోర్లించి దాని మీద కూర్చుని, చేతిలో గాజు గోలీ తిప్పుతూ ఉండేవాడు. గోలీ తిరుగుతున్నంతసేపూ లెక్క బాగున్నట్టు. ఆగిందంటే ఎవరికో మూడిందన్నమాట.

మొదటి నెల నేను బడిలో పాఠం చదివినట్టు అన్నీ ఒకే గొంతుతో చదివాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అట్లా కాదమ్మా. లాభం మెల్లగా సదువు, నష్టం గట్టిగా సదువు" అన్నాడు. ఎందుకంటే లాభం గోడ దాటితే అప్పు అడిగేవాళ్ళు వస్తారట, నష్టం గోడ దాటితే వచ్చేవాళ్ళు కూడా రారట. పైగా నష్టాన్ని మెల్లగా చదివితే అది అక్కడే కాపురం పెడుతుందని ఆయన నమ్మకం. పోనుపోను నాకూ అలవాటైపోయింది. పగిలిన సీసాలు, కారిపోయిన గ్యాసు అంటే వీధి చివరిదాకా వినబడేట్టు, మిగిలిన రూపాయలంటే ప్రార్థన చేసుకుంటున్నట్టు చదివేదాన్ని.

రెండో పట్టుదల చిల్లర ఖర్చుల మీద. ఆ మాట ఆయనకు గిట్టేది కాదు. "చిల్లర అనే ఆయప్ప ఎవురు? మన కొట్టుకు ఎప్పుడొచ్చినాడు? ఏం తినిపోయినాడు?" అనేవాడు. ప్రతి ఖర్చుకూ ఒక పేరుండాలి, ఆ పేరు నలుగురిలో చదవాలి. అందువల్ల మా లెక్కలు కథల్లా ఉండేవి. హెడ్డు కానిస్టేబులు తాగి మీసం తుడుచుకుని పోయిన సోడా. బండి ఎద్దు అలిగినందుకు బెల్లం. తాలూకా గుమాస్తాకు అజీర్తి చేసినందువల్ల ఉచితంగా ఇచ్చిన సోడా, తగ్గనందువల్ల ఇచ్చిన ఇంకో సోడా. కుప్పం ఆయన అరవంలో మహా సరదాగా రాసేవాడు. నేను అప్పటికప్పుడు తెలుగు చేసి చదువుతుంటే సీసాలు కడిగే ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయేది. నవ్వులయ్యాక సోడప్ప, పేరు పెట్టాం కాబట్టి వచ్చే నెల కనబడితే గుర్తుపడతాం అనేవాడు. నిజంగానే గుర్తుపట్టేవాడు. ఆ ఎద్దు వరసగా అలిగేసరికి ఎద్దునే మార్చేశాడు.

తన సంగతి వచ్చినా ఇదే వరస. ఒకసారి కుప్పం వెళ్ళినప్పుడు ఎవరో ప్రయాణికుడు సోడా తాగుతుండగా రైలు కదిలింది. యుద్ధంలో కొత్త సీసా దొరకడం గగనం. సోడప్ప ఆ ఒళ్ళేసుకుని సీసా కోసం రైలెక్కేశాడు. తర్వాతి స్టేషను దాకా పోయి, ప్రయాణికుడితో స్నేహం చేసుకుని, సీసాతో తిరిగొచ్చాడు. పోనూ రానూ టిక్కెట్టు సీసా ఖరీదుకు మించిపోయింది. కుప్పం ఆయన భయపడుతూనే "యజమాని రైలు ముచ్చట" అని రాసి పంపాడు. అది ఇంకా గట్టిగా చదవమని సోడప్పే నన్ను తొందరపెట్టాడు.

వంటింటి తలుపు వెనక ఆయన భార్య కూర్చుని వినేది. ఆయన సోడప్ప కాబట్టి ఆమె సోడమ్మ కావాలి గానీ, ఆ మాట అనే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. అమ్మ అనేవాళ్ళం. ఆయన మూత్రంలో చక్కెర పోతోందని డాక్టరు చెప్పిన రోజు నుంచీ ఆయన తిండి మీద పెత్తనం ఆమెది. ఆయనకేమో తీపి అంటే ప్రాణం. రంగు సోడాకు పాకం కాచే రోజున ఆయన గిన్నె చుట్టూ తిరిగేవాడు, ఆమె గరిటె పట్టుకుని ఆయన చుట్టూ తిరిగేది. అసలే చక్కెర కంట్రోలు రోజులు. ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం, ఆ తాళంచెవి ఆమె నడుముకు. ఆ నడుము వైపు ఆయన చూసే చూపు చూస్తే కొత్త పెళ్ళికొడుకనుకోవాలి.

పుంగనూరు కొట్టు చూసుకునే ఆయన పేరు రెడ్డెప్ప. నోట్లో నాలుక లేని మనిషి. సంత రోజు ఆ కొట్టు ముందు నిలబడడానికి చోటుండేది కాదు. అది బామ్మర్ది కంట్లో పడింది. అక్కడ తన పినతల్లి కొడుకును కూర్చోబెట్టాలని ఆయన ఎప్పటినుంచో చూస్తున్నాడు, రెడ్డెప్పను పంపడానికి కారణమే దొరకలేదు.

మదనపల్లె బయట క్షయరోగుల ఆసుపత్రి ఉంది. ఆదివారాలు మా చర్చి పాటగాళ్ళం అక్కడి వరండాల్లో పాడడానికి వెళ్ళేవాళ్ళం. ఒక ఆదివారం ఆడవాళ్ళ వరండాలో ఒక మంచం పక్కన రెడ్డెప్ప కూర్చుని, ఉడికించిన కోడిగుడ్డు పెంకు ఒలుస్తూ కనబడ్డాడు. మంచం మీద ఆయన భార్య గంగులమ్మ. ఆమె పుట్టింటికి పోయిందని మాతో చెప్పి ఉన్నాడు. నన్ను చూసి గుడ్డు చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాడు. పాటలయ్యేదాకా ఆగి, గేటు దాకా నా వెంట వచ్చాడు.

"టీచరమ్మా, ఈ మాట పుంగనూరుకు తెలిస్తే నా కొట్లో సోడా ఎవురూ తాగరు. కొట్టు పోతే ఈమెకు పాలు యాడ తెచ్చేది?" అన్నాడు.

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాను. ఆ భయం ఉత్త భయం కాదు. ఆ జబ్బున్న ఇంట్లో నీళ్ళు ముట్టేవాళ్ళు కాదు ఆ రోజుల్లో. ఆ ఇంటాయన చేత్తో అందించిన సోడా ఎవరు తాగుతారు?

నెలాఖరు వచ్చింది. పుంగనూరు పుస్తకం తెరిచాను. అమ్మకం బాగుంది, మెల్లగా చదివాను. గ్యాసు, రబ్బరు ఉంగరాలు, పగిలిన సీసాలు, గట్టిగా చదివాను. వాటి కింద రెడ్డెప్ప గుండ్రటి అక్షరాలతో "చిల్లర ఖర్చు" అని ఉంది. చిన్న మొత్తమేమీ కాదు. ఆ పాలూ గుడ్లూ నా కళ్ళ ముందు కనబడ్డాయి. గొంతు దానంతటదే తగ్గిపోయింది. లాభం చదివినట్టు చదివేశాను.

గోలీ ఆగింది. "టీచరమ్మా, నష్టాన్ని మెల్లగా సదివినావు, యాల?" అన్నాడు సోడప్ప.

మళ్ళీ చదవక తప్పలేదు. వసారా అంతా ఉషారయింది. చిల్లరకు పేరు పెట్టించే ఆట అంటే అందరికీ ఇష్టం. కానిస్టేబులుకు పుంగనూరు బదిలీ అయిందా అని ఒకరు, ఎద్దు అక్కడికి పోయి అలిగిందా అని ఒకరు. రెడ్డెప్ప తల వంచుకుని చాప అంచు పీకుతున్నాడు. బామ్మర్ది కుర్చీలో ముందుకు జరిగి, పేరు చెప్పలేని ఖర్చును దొంగతనం అంటారని, చెప్పలేకపోతే తాళాలు అక్కడ పెట్టి పొమ్మని అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. నేను నోరు తెరిస్తే ఇచ్చిన మాట పోతుంది, తెరవకపోతే రెడ్డెప్ప కొట్టు పోతుంది.

సోడప్ప రెడ్డెప్ప ముఖంలోకి చూశాడు. ఆ ఎగతాళి మనిషి ముఖంలోంచి ఎగతాళి మొత్తం దిగిపోవడం అప్పుడే చూశాను. గోలీ రొంటిన దోపుకుని లేచి, మిషను ఎందుకో అరుస్తోంది, చూద్దాం రమ్మని రెడ్డెప్పను లోపలికి తీసుకుపోయాడు. ఆ పూట మిషను అరిచిందే లేదు. లోపల చక్రం తిరిగే చప్పుడు మొదలైంది. ఆ చప్పుడులో ఏం మాట్లాడినా పక్కనున్న మనిషికి తప్ప వినబడదు. తలుపు సందులోంచి నాకు ఇద్దరూ కనబడుతున్నారు. సోడప్ప చొక్కా తడిసిపోయేట్టు ఖాళీ మిషను తిప్పుతున్నాడు. పక్కన నిలబడి రెడ్డెప్ప మాట్లాడుతున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

బయటికొచ్చి పెట్టె మీద కూర్చుని సోడప్ప ఆయాసం తీర్చుకున్నాడు. "అది నేను తినిందేలే" అన్నాడు. వారం వారం పుంగనూరు సంతకు పోయినప్పుడల్లా మిఠాయి తింటున్నాడట. ఇంట్లో చెప్పొద్దని రెడ్డెప్ప చేత ఒట్టు వేయించుకున్నాడట. పాపం ఆ మనిషి చిల్లర అని రాయక ఇంకేమి రాస్తాడని మమ్మల్నే ఎదురడిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "రాయి టీచరమ్మా. సోడప్ప మిఠాయి ఖర్చు. నా సొంత వాటాలో కొట్టేయి. ఇది నెలనెలా ఉంటాది. గట్టిగా సదువు."

ఆయన సొంత వాటాలోంచి పోతుంటే బామ్మర్దికి అనడానికేమీ మిగల్లేదు. ఏనుగంత మనిషి కాబట్టి అంత మిఠాయీ తిన్నాడంటే అందరూ నమ్మారు. చాపల మీద నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి. నేను చదివాను. సగం చదివేసరికి వంటింటి తలుపు దడాలున తెరుచుకుంది.

ఆ రోజు అమ్మ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు. మర్నాటి నుంచీ పొద్దున లేస్తూనే గ్లాసెడు కాకరకాయ రసం, మధ్యాహ్నం రాగి సంగటి, పండగ పూట పాయసం వాసన తప్ప పాయసం లేదు. నెలనెలా నేను "సోడప్ప మిఠాయి ఖర్చు" అని వీధి చివరిదాకా వినబడేట్టు చదవడం, నెలనెలా ఆ తలుపు తెరుచుకోవడం. పాల ధర పెరిగిన నెల మిఠాయి ఖర్చూ పెరిగేది, దాంతోపాటు కాకరకాయ రసమూ పెరిగేది. ఊరికి ఇదొక వేడుకైపోయింది. ఎదురైన ప్రతివాడూ ఈ నెల ఎన్ని లడ్లు లాగించినావు సోడప్పా అని అడిగేవాడు. ఆయన పెదవులు తడుపుకుని, పుంగనూరు లడ్డులో నెయ్యి ఎట్లా కారుతుందో, యాలక్కాయ పంటికి ఎట్లా తగులుతుందో అంత వివరంగా చెప్పేవాడు. వినేవాళ్ళకు నోరూరేది. ఆయనకు ఎంత ఊరేదో నాకు తెలుసు.

ఒకసారి నేను పుస్తకాలు సర్దుకుంటుంటే, "తినకుండా తిట్లు పడేది శానా కష్టం" అని చేతిలో గోలీకి చెప్పుకున్నాడు. నాతో మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. నేను మెల్లగా చదివిన రోజే ఆయనకు అర్థమైంది.

వింత ఏమిటంటే, ఆ రసం దెబ్బకు ఆయన ఒళ్ళు తేలికయింది. డాక్టరు పరీక్ష చేసి చక్కెర బాగా తగ్గిందని, ఇంత నిఖార్సుగా పథ్యం చేసేవాళ్ళు అరుదని మెచ్చుకున్నాడు. వారం వారం మిఠాయి తింటూ కూడా చక్కెర ఎట్లా తగ్గిందని అమ్మ ఆలోచించలేదు. తన కాకరకాయ పుంగనూరు మిఠాయిని ఓడించిందని ఊరంతా చెప్పుకుంది.

యుద్ధం ముగిశాక ఒక వానాకాలంలో గంగులమ్మకు నయమైంది. ఇంక ఇంటికి పోవచ్చని, భయం లేదని డాక్టరు చెప్పి పంపాడు. ఆ నెలాఖరుకు రెడ్డెప్ప ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. సరిగ్గా చెప్పాలంటే ఆమే ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకు లేని నాలుక కూడా ఆమెకే ఉందని కాసేపట్లో మాకందరికీ తెలిసింది.

ఆడవాళ్ళ చాప మీద, సీసాలు కడిగే ముసలమ్మ పక్కన కూర్చుంది. నేను పుంగనూరు లెక్క చదివాను. ఆ నెల మిఠాయి ఖర్చు లేదు. అమ్మ తలుపు తెరిచి, చూశారా నా పథ్యం అన్నట్టు అందరి వైపూ చూసింది. సోడప్ప హాయిగా గోలీ తిప్పుకుంటున్నాడు. అప్పుడు గంగులమ్మ లేచి నిలబడింది. రెడ్డెప్ప ఆమె కొంగు పట్టి లాగాడు. ఆమె కొంగు విడిపించుకుని సోడప్ప వైపు చెయ్యి చూపింది.

"ఆ మిఠాయి దుడ్డు నేను తినింది. ఈయప్ప ఒక్క తునక నోట్లో ఎయ్యలేదు. నాకు క్షయ వచ్చిండె. ఆసుపత్రిలో పాలకు, గుడ్లకు ఈయప్పే ఇచ్చినాడు. ఇప్పుడు బాగుండాను. మా సోడా తాగేవోళ్ళు తాగండి, మానేవోళ్ళు మానండి. దాసిపెట్టుకోని బతికేది నాకు సేతకాదు" అంది.

సోడప్ప ఇన్నాళ్ళూ కాకరకాయ తాగి కాపాడిన మాట ఒక్క నిమిషంలో నలుగురిలో పడింది. సాయంత్రం బస్సుకే అది పుంగనూరు చేరుతుంది. ముసలమ్మ చాప మీద కొంచెం అవతలికి జరిగింది. గంగులమ్మ అది చూసింది, నేనూ చూశాను. రెడ్డెప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. బామ్మర్ది ముందుకు జరిగి, ఇంక పుంగనూరులో మనిషిని మార్చాల్సిందేనని మొదలుపెట్టాడు. సోడప్ప లేవబోయాడు.

ఆయనకంటే ముందు అమ్మ గడప దాటింది. లెక్క వినేటప్పుడు ఆమె వసారాలోకి రావడం అదే మొదటిసారి. భర్త ఎదురుగా నిలబడి, ఒక్కటి కూడా తినలేదా అని అడిగింది. ఆయన దొంగలా తల అడ్డంగా ఊపాడు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నేరుగా పోయి, చాప మీద ముసలమ్మ ఖాళీ చేసిన చోట, గంగులమ్మ చెయ్యి పట్టుకుని ఆమెకు ఆనుకుని కూర్చుంది. తర్వాత తమ్ముడి వైపు ఒక చూపు చూసింది. బామ్మర్ది కుర్చీలో వెనక్కి వాలాడు.

"టీచరమ్మా, ఆ ఖర్చు యాల ఆపినారు? మనిషి ఇప్పుడే లేసి తిరగతాండాది, ఇప్పుడు గదా పాలు కావాల్సింది. ఇంకొన్ని నెలలు రాయి" అంది.

ఏమని రాయాలమ్మా అని అడిగాను.

"ఉండేదే రాయి. గంగులమ్మకు పాలు, గుడ్లు అని. ఆయప్ప వాటాలో కాదు, కంపెనీ ఖర్చులో రాయి. మా తమ్ముడు కూడా సగం మోస్తాడు."

రాసి, చదివాను. ముసలమ్మ సిగ్గుపడి, మెల్లగా మళ్ళీ దగ్గరికి జరిగింది. తర్వాతి రెండు మూడు నెలలు పుంగనూరులో అమ్మకం పడిపోయిన మాట నిజమే. కానీ గంగులమ్మ ఇంట్లో దాక్కోలేదు. కొట్లో ముందు తానే కూర్చుని, రమ్మని పేరు పెట్టి పిలిచి మరీ అమ్మింది. సోడప్ప ప్రతి సంతకూ పోయి ఆమె ఎదురుగా కూర్చుని తాగేవాడు. ఎండలు ముదిరేసరికి జనం మళ్ళీ బారులు తీరారు. బామ్మర్ది ఇంక ఎప్పుడూ ఆ కొట్టు ఊసెత్తలేదు.

అదంతా తర్వాతి సంగతి. ఆ శనివారం మాత్రం నేను చదివి పుస్తకం మూసేసరికి సోడప్ప ఉత్తరీయంతో ముఖమంతా తుడుచుకుంటున్నాడు. చెమట అన్నాడు గానీ, వానాకాలం మదనపల్లెలో చెమటేమిటి? కాసేపటికి తేరుకుని భార్య వైపు తిరిగి, ఆ సన్నటి గొంతుతో ఆశగా అడిగాడు.

"అట్లయితే రేపటి నుంచీ ఆ కాకరకాయ రసం ఉండదు గదా?"

"ఉంటాది" అంది అమ్మ. "తిట్లు మాత్రం ఉండవు."